గుంటూరు షాపు, ఇంటికి ఎన్‌వీఆర్: కేబుళ్లు అయ్యాయి, డిస్కు లెక్క తేలింది

పట్నం బజార్ వైపు కింద షాపు, పైన ఇల్లు. 8 ఛానెళ్ల పీఓఈ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే) ఎన్‌వీఆర్, అంటే సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె, 4 మెగాపిక్సెల్ కెమెరాలు 6: షట్టర్, గల్లాపెట్టె, గోడౌన్ తలుపు, మెట్లు, వెనక సందు, డాబా. కొనేముందు కెమెరా మోడల్ నంబరుకు ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ నాణ్యతా పరీక్షల సంస్థ) సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. 2025 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

కేబుల్ (పూర్తి)

మొత్తం 140 మీటర్లు పట్టింది. అన్నిటికంటే పొడవు వెనక సందుది, 38 మీటర్లు. పీఓఈ హద్దు 100 మీటర్లు కాబట్టి దూరంతో బెంగ లేదు, బెంగంతా తీగతోనే. 305 మీటర్ల క్యాట్6 (నెట్‌వర్క్ కేబుల్) బాక్సు మరీ చవగ్గా వస్తోందంటే అది సీసీఏ, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. దాంతో వేస్తే పగలంతా బొమ్మ శుభ్రంగానే వస్తుంది. చీకటి పడి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికి కెమెరా వేసే, కంటికి కనిపించని వెలుగు) వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, పొడవాటి లైనులో వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. అందుకే రాత్రి చూడకుండా ఏ లైనూ ఓకే అనకూడదు.

క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్గు బిగించడం) రెండు చివర్లా టీ568బీ అనే రంగుల వరుసలో: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. బయటి కెమెరాల జాయింట్లన్నీ జంక్షన్ బాక్సులోనే. కేబుల్ ఒకసారి కిందికి వంగి, బాక్సు అడుగు నుంచి లోపలికి వెళ్లాలి. పైనుంచి దూర్చితే తుపాను వానకు నీళ్లు తీగ వెంటే దిగి పిన్నులు పచ్చబడతాయి.

లెన్సులు

కొత్త మనిషి ముఖం గుర్తుపట్టాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. 4 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్లు. 2.8 మి.మీ. లెన్సు సుమారు 100 డిగ్రీలు చూస్తుంది కాబట్టి ఆ స్పష్టత 4 మీటర్ల దాకానే. గల్లాపెట్టెకు అది చాలు. సందుకు 6 మి.మీ. పెడితే 10-11 మీటర్లు అందుతుంది, వెడల్పు మాత్రం తగ్గుతుంది. “ఒక్క కెమెరాతో వీధంతా కవర్ అవుతుంది” అనే మాట నమ్మొద్దు. వీధి కనిపిస్తుంది, మనిషెవరో తెలియదు.

షట్టర్ దగ్గర డోమ్ (గుండ్రటి గాజులాంటి మూత ఉన్న కెమెరా) వద్దనుకుని బుల్లెట్ (గొట్టంలా ఉండేది) పెట్టాం. మిర్చి సీజన్లో డోమ్ మీద ఎర్రటి దుమ్ము పేరుకుంటే, రాత్రి ఐఆర్ వెలుగు దానికే తగిలి వెనక్కొచ్చి బొమ్మంతా తెల్లటి పొగలా తయారవుతుంది. బుల్లెట్‌కైనా సాలెపురుగుల బెడద తప్పదు, నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడవాల్సిందే.

డిస్కు

సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రోజంతా రికార్డు చేస్తే 10.8 జీబీ. హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), సెకనుకు 15 ఫ్రేములు పెట్టి నాలుగు కెమెరాలకు 2 మెగాబిట్లు, షట్టర్, సందు కెమెరాలకు 3 ఇచ్చాం. మొత్తం 14, అంటే రోజుకు 151 జీబీ. 4 టీబీ డిస్కు 26 రోజులకే నిండుతుంది. 6 టీబీ వేస్తే 39 రోజులొస్తుంది, అదే ఖాయం చేశాం. ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే చోట్ల 30 రోజుల రికార్డింగు ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతుంది. ఈ షాపు ఆ లెక్కలోకి రాకపోయినా ఆ గడువు మంచిదే. వేరియబుల్ బిట్‌రేట్ (బొమ్మను బట్టి సెకనుకు మెగాబిట్లు మారే పద్ధతి) పెట్టినా లెక్క గరిష్ఠ పరిమితి మీదే కట్టాలి, ఎందుకంటే చీకట్లో బొమ్మలో వచ్చే చుక్కలే బిట్‌రేట్‌ను పైకి లాగేస్తాయి. డిస్కు నిఘా కెమెరాల కోసం చేసిన రకమే తీసుకోవాలి. పాత కంప్యూటర్‌లోది పీకి పెడితే 24 గంటల రాతకు ఎక్కువ కాలం ఆగదు.

ఎన్‌వీఆర్ గల్లాపెట్టె కింద పెట్టలేదు. దొంగ మొదట పట్టుకుపోయేది దాన్నే. పై అంతస్తులో గాలి ఆడే అల్మారాలో ఉంది. మే నెల ఎండల్లో డిస్కు 50 డిగ్రీలు దాటుతోందేమో మెనూలో చూస్తుండాలి.

కరెంటు, నెట్

ఎన్‌వీఆర్, కెమెరాలు, రౌటర్ అన్నీ కలిపి రాత్రి 65 వాట్ల దాకా. 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఉన్న చిన్న యూపీఎస్ ముప్పావు గంట లాగితే గొప్ప. ఇంటి ఇన్వర్టర్ మీదికి మార్చాం. దాని వెనక స్విచ్ ‘యూపీఎస్’ వైపు ఉండాలి. మామూలు మోడ్‌లో మారడం ఆలస్యమై కరెంటు పోయిన ప్రతిసారీ ఎన్‌వీఆర్ రీస్టార్ట్ అవుతుంది.

రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే బయటికి దారి తెరుచుకునే సదుపాయం) ఆఫ్. పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నెట్ నుంచి ఎన్‌వీఆర్‌కు నేరుగా దారి ఇవ్వడం) అసలే వద్దు. 2016లో మిరాయ్ మాల్‌వేర్ లక్షల పరికరాల్లోకి దూరింది కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులతోనే. బయటి నుంచి చూడ్డానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటి నెట్‌లోకి రహస్య దారి). టైమ్ జోన్ జీఎంటీ +5:30, డీఎస్‌టీ (వేసవిలో గంట జరిపే సెట్టింగు) ఆఫ్, ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసుకోవడం) ఆన్. గడియారం పది నిమిషాలు తప్పితే పోలీసుల ముందు ఫుటేజీ విలువ సగం పోతుంది.

మిగిలినవి

ఎదురుగా ఉన్న రెండో గోడౌన్‌కు లైను. వీధి దాటాలి కాబట్టి రాగి తీగ వేయం. ఉరుములప్పుడు ఒక భవనంలోంచి రెండో దాంట్లోకి సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) పాకుతుంది. ఫైబర్, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ తీగకు కలిపేవి), అవతల చిన్న పీఓఈ స్విచ్.

ఇంకోటి, ఒక గంట క్లిప్పు పెన్‌డ్రైవ్‌లోకి తీసి వేరే కంప్యూటర్లో ఆడుతుందో లేదో చూడటం. భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. కాబట్టి కాపీ తీసిన వెంటనే ఎస్‌హెచ్‌ఏ256 పద్ధతిలో ఆ విలువ లెక్కించి రాసిపెట్టుకోవడం కూడా ఈ పరీక్షలోనే చూడాలి.