బావికింద చెక్క

ఈ రోజు సైకిళ్ళ మీద బోన్ నుంచి సాంత్‌నే దాకా వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. ఫ్రాన్స్‌లో బర్గండీ ద్రాక్షతోటల మధ్య దారి ఇది. 20 కిలోమీటర్లకు కాస్త పైనే ఉంటుంది. గట్టిగా తొక్కితే రెండు గంటల పని. మాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది, అడుగడుగునా ఆగాలనిపించి.

బయల్దేరే ముందు బోన్‌లో పాత ఆసుపత్రి చూశాం. 1443లో బర్గండీని ఏలే డ్యూక్ గారి మంత్రి నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ పేదల కోసం పెట్టించారు. పైకప్పు మీద రంగురంగుల పెంకులు. లోపల పెద్ద హాల్లో రెండు వరసల మంచాలు, వాటి చివర ప్రార్థన మందిరం. లేవలేనివాళ్ళు పడుకున్నచోటి నుంచే ప్రార్థన వినొచ్చు. 1971 దాకా ఇక్కడ నిజంగానే రోగుల్ని చూశారట. ఇన్నేళ్ళు ఎలా నడిచిందంటే, జనం దానికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. మనవాళ్ళు గుడికి మాన్యం ఇచ్చినట్టు వీళ్ళు రోగులకు మాన్యం ఇచ్చారు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఊరు దాటగానే తోటలు మొదలయ్యాయి. పొమ్మార్, ఆ తర్వాత వోల్నే. వోల్నే ఎత్తు ఎక్కలేక దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను. చిన్నప్పుడు హైదరాబాద్ పక్కన మేడ్చల్ వైపు చూసిన ద్రాక్ష పందిళ్ళ మీద ఉండేది, కింద నీడలో నడిచేవాళ్ళం. ఇక్కడ మొక్క నడుమెత్తే. మీటరుకు ఒకటి చొప్పున, హెక్టారుకు దాదాపు 10,000 మొక్కలు. ట్రాక్టర్‌కు పొడుగు కాళ్ళున్నాయి, సాలును కాళ్ళ మధ్యన పెట్టుకుని పోతుంది. జూన్ కదా, పెరిగిన రెమ్మల్ని ఇనుప తీగెల మధ్యకు సర్దుతున్నారు కూలీలు. ఒకావిడ మమ్మల్ని చూసి చెయ్యూపింది. నేనూ ఊపాను.

మెర్సోలో రాతి గోడ మీద కూర్చుని, అమ్మాయి పొద్దున్నే కలిపి తెచ్చిన పులిహోర తిన్నాం. అప్పుడు తను ఫోన్లో తోటల మ్యాప్ తీసింది.

"అమ్మా, ఇక్కడ ప్రతి నేల చెక్కకీ పేరుంటుంది తెలుసా? 'క్లిమా' అంటారు. మొత్తం 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాళ్ళు కూడా గుర్తించారు."

"పేర్లంటే ఎలాంటివి?"

"పెరియేర్ అంటే రాళ్ళు తీసిన గనులు. గ్రేవ్ అంటే గులకరాళ్ళ నేల. ఇదిగో, ఇది చూడు. సు లె ప్వి. బావికింద అని."

నాకు ముద్ద దిగలేదు. మా నాన్నకూ అలాంటిదే ఒకటుండేది, బావికింద చెక్క. తుమ్మచేను, రేగడిమడి, తాటితోపు, బావికింద చెక్క... మా ఇంట్లో ఎవరూ సర్వే నంబర్లు పలకగా నేను వినలేదు. "ఇవాళ బావికింద నాట్లు" అనేవారు, అంతే. 1998లో నా పెళ్ళికి అమ్మింది ఆ చెక్కనే. కాగితాల్లో నంబరు మిగిలింది. కొన్నవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో నేనెప్పుడూ అడగలేదు.

అక్కడి నుంచి పులిఞీ, షసాఞ్. రెండూళ్ళ మధ్య మోంరషే అనే చెక్క ఉంది, 8 హెక్టార్లు, అంటే మన లెక్కన దాదాపు 20 ఎకరాలు. తెల్ల వైన్‌కు ప్రపంచంలో అంత పేరున్న నేల మరొకటి లేదంటారు. ఆ పేరు కోసం 1879లో రెండూళ్ళూ తమ పేరు చివర మోంరషే తగిలించుకున్నాయి. చేను ఊరి పేరు పెట్టుకోవడం విన్నాను గానీ ఊరు చేను పేరు పెట్టుకోవడం ఇక్కడే చూశాను. దారి దాటితే కింద ఇంకో తోట, ఇటు మోంరషే. ఈ వాలున నీళ్ళు నిలవవు, పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది, సున్నపురాయి నేల. కళ్ళకు తేడా తెలియదు. వందల ఏళ్ళు ఆ మట్టిలో చేతులు పెట్టినవాళ్ళకు తెలిసింది. గోడ పక్కన సైకిల్ ఆపి చాలాసేపు నిలబడ్డాను.

సాంత్‌నే చూసుకుని, షాఞీ స్టేషన్లో సైకిళ్ళతో సహా రైలెక్కాక నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అన్నం తిని వరండాలో కూర్చున్నారట. తోటల సంగతంతా చెప్పాను.

"నీళ్ళెక్కడివమ్మా వాళ్ళకి?"

"వానే నాన్నా. గొట్టాలు ఎక్కడా కనపళ్ళేదు."

కాసేపు ఆగి బావికింద చెక్క మాట ఎత్తాను. "దాని పక్కనది కూడా రాసుకో" అన్నారు. "జువ్విమాను మెరక. నువ్వు పుట్టకముందే పోయింది. దానికవతల దొరువుగట్టు."

ఈ రెండు పేర్లూ నేనెప్పుడూ వినలేదు. ఆయన చెబుతుంటే రైలు టికెట్ వెనక రాసుకుంటూ పోయాను. బోన్ వచ్చేసరికి పదకొండు పేర్లయ్యాయి.