41 ఏళ్లకి పసుపు బెల్ట్: కరాటే లెక్కలు ఇప్పటిదాకా

పోయిన వారం బెల్ట్ టెస్ట్ అయింది, పసుపు బెల్ట్ వచ్చింది. తెల్ల బెల్ట్ తర్వాత మా క్లబ్బులో ఇచ్చే మొదటి రంగు ఇదే, ఎనిమిదేళ్ల పిల్లలు నడుముకి చుట్టుకుని సైకిళ్ల మీద తిరిగేది కూడా ఇదే, కాబట్టి గొప్పలు పోవడానికి ఏమీ లేదు. కాకపోతే నాకు 41 ఏళ్లు, చదువుకునే రోజుల్లో ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చున్న రకం, గట్టిగా మాట్లాడితే ఎవరేమనుకుంటారో అని సగం మాటలు మింగేసే రకం. కరాటేలో చేరితే ధైర్యం వస్తుందా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే పోతుందని ఇది.

ముందు వివరాలు. మాది విశాఖపట్నం. నేర్చుకునేది షోటోకాన్ అనే కరాటే శైలి, ఓ బడి ఆవరణలో, వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున. ఫీజు నెలకి 1,000, టెస్టులకి విడిగా కట్టాలి. మా వాడిని చేర్పించడానికి వెళ్లి వాడితో పాటు నేనూ పేరు ఇచ్చాను. వాడు నెల తిరక్కముందే క్రికెట్‌కి పోయాడు, నేను మిగిలాను.

సంక్రాంతి తర్వాత, మొదటి రోజులు

వరసలో నిలబడేది బెల్ట్ ప్రకారం. వయసు, ఉద్యోగం ఏవీ లెక్కలోకి రావు. ముందు బ్రౌన్ బెల్టులు, తర్వాత ఆకుపచ్చ, నారింజ, పసుపు, అన్నిటికంటే చివర తెల్లవాళ్లు, ఆ తెల్లవాళ్లలో చివర నేను. నా పక్కన మూడో తరగతి పిల్ల, దాని తల నా మోచేతి దాకా వస్తుంది. మాస్టర్ నన్ను తొమ్మిదో తరగతి చదివే ఓ బ్రౌన్ బెల్ట్ అమ్మాయికి అప్పగించారు. ఆ పిల్ల మర్యాదగానే, కానీ అస్సలు మొహమాటం లేకుండా, "ఆంటీ, మోకాలు ఇంకా వంచండి. ఇంకా. ఇంకా ఆంటీ" అంటూ ఉండేది. ఆఫీసులో నేను సంతకం పెడితే గానీ బిల్లు కదలదు, ఇక్కడ నా మోకాలు ఎంత వంగాలో పద్నాలుగేళ్ల పిల్ల చెప్తుంది. మొదట్లో గోడ అవతల ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తున్నారేమో అని అటే చూసేదాన్ని. కొన్నాళ్లకి ఆ చూడటం ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. పదిమంది ముందు ఒక పని చేతకాకుండా చేస్తూ ఉండటం, మర్నాడు మళ్లీ వచ్చి అదే చేతకానితనం చూపించడం, నా మటుకు నాకు కరాటేలో మొదటి పాఠం అదే. పెద్దవాళ్లం ఇది ఎక్కడా చెయ్యం, రాని పని జోలికే పోం.

ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది డ్రెస్ గురించి. మొదటిది తేలికపాటిది చాలు, కాటన్ కలిసినది, వెయ్యి లోపే దొరికింది. తెల్ల బెల్ట్ దాంతోనే వస్తుంది. పూర్తి కాటన్ అయితే మొదటి ఉతుకుకే కుదించుకుపోతుంది, ఒక సైజు పెద్దది తీసుకోండి. లోపల టీషర్టు తప్పనిసరి, పై కోటు ముడి ఎంత బిగించినా ఊడుతుంది. గాజులు, ఉంగరాలు, చెవులకి వేలాడేవి అన్నీ తీసెయ్యాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, నల్లపూసలు టీషర్టు లోపలికి తోసి సేఫ్టీ పిన్నుతో పెట్టుకుంటాను. అసలు సమస్య మెట్టెలు. చెప్పులు లేని కాళ్లతో గచ్చు మీద తిరిగేటప్పుడు మెట్టె వేలిని కోస్తుంది, పొరపాటున కిక్ తగిలితే అవతలివాళ్లకీ దెబ్బే. కొన్నాళ్లు సర్జికల్ టేప్ చుట్టుకున్నాను, చెమటకి అది నిలవదు. చివరికి క్లాసు రోజుల్లో తీసి డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాను. అత్తయ్య చూసి ఏమంటారో అని నాకున్న టెన్షన్ పంచ్‌లకి కూడా లేదు. ఆవిడ ఒకటే అన్నారు: "వచ్చాక పెట్టుకో, మర్చిపోకు." అంతే. దీనికోసం నేను మనసులో తయారుచేసుకున్న వాదనలన్నీ వేస్టయ్యాయి.

ఎండాకాలం, మోకాళ్లు

జెన్‌కుత్సు దాచి అని ముందుకి వంగి నిలబడే స్టాన్స్ ఉంటుంది, మొదటి నెలలన్నీ దాని చుట్టూనే. ముందు కాలు వంగి, వెనక కాలు చాచి, బరువు ముందు కాలి మీద కొంచెం ఎక్కువ. చూడటానికి ఏమీ లేదు. నిలబడితే తెలుస్తుంది, తొడలు వణుకుతాయి, మర్నాడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాలి. పెద్దవయసులో చేరినవాళ్లకి మోకాలి నొప్పి రావడానికి ఎక్కువగా రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, ముందు మోకాలు లోపలికి, బొటనవేలి వైపు వాలిపోవడం. దాన్ని చిటికెన వేలి వైపు చూసేలా కొంచెం బయటికి నెట్టి ఉంచితే నా నొప్పి చాలావరకు తగ్గింది. రెండు, తిరిగేటప్పుడు పాదం నేలకి అతుక్కుని ఉండగానే ఒళ్లు తిరిగిపోవడం. గచ్చు మీద చెమట కాలు జారదు, మెలిక అంతా మోకాలికి పోతుంది. ముందు పాదం తిప్పి, తర్వాత నడుము తిప్పాలి. ఇంకోటి, రెండు పాదాలు ఒకే గీత మీద పెడితే తూలిపోతాం, అడ్డంగా భుజాలంత ఎడం ఉండాలి. మాకు తూలడం వస్తే బలం లేదేమో అనుకున్నాం, చాలాసార్లు ఎడం లేకపోవడమే.

పాదాల కింద మొదట బొబ్బలు, తర్వాత కాయలు. ఎండాకాలం గచ్చు ఆరున్నరకి కూడా పొయ్యి మీద పెనంలా ఉండేది, పిల్లలు గెంతుతూ నవ్వేవాళ్లు, మేం నీళ్లు చల్లుకునేవాళ్లం.

గొంతు

ఇక అసలు సంగతి. కరాటేలో కియాయ్ అని ఒకటి ఉంటుంది, దెబ్బ వేసే క్షణంలో పొత్తికడుపు బిగించి ఊపిరి ఒక్కసారిగా వదులుతూ వేసే కేక. పంచ్‌లు వేయమంటే వేశాను, కిక్కులు వేయమంటే కిందామీదా పడి వేశాను. కేక వేయమంటే మాత్రం నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. పక్కన మూడో తరగతి పిల్ల గోడలు అదిరేలా అరుస్తోంది. నాకు దగ్గులాంటిది వచ్చింది. మాస్టర్ తిట్టలేదు, "గొంతుతో కాదమ్మా, గొంతుతో అరిస్తే రేపు మాట పోతుంది, కడుపు లోపలికి కొట్టండి" అన్నారు. ఇది అర్థం కావడానికి చాలా టైం పట్టింది. కిటుకు ఏంటంటే ముందు శబ్దం లేకుండా ఊపిరి మాత్రమే కొట్టి వదలడం నేర్చుకోవాలి, చెయ్యి బొడ్డు కింద పెట్టుకుని, అక్కడ గట్టిపడుతోందో లేదో చూసుకుంటూ. అది వచ్చాక శబ్దం దానంతట అదే కలుస్తుంది.

ఇంట్లో సాధన చేస్తే పక్క ఫ్లాటు వాళ్లు పరిగెత్తుకొస్తారు. అందుకని ఆదివారాలు తెల్లారకముందే ఆర్కే బీచ్‌కి పోయేదాన్ని. అల విరిగే టైములో అరిస్తే ఎవరికీ వినపడదు, అలకీ అలకీ మధ్య అరిస్తే నడిచేవాళ్లు తిరిగి చూస్తారు. మొదట అలల చాటునే అరిచాను. ఒకాయన వాకింగ్ ఆపి "ఏం తల్లీ, బాగానే ఉన్నావా" అని అడిగి, కరాటే అంటే నవ్వి, తనూ ఓ కేక వేసి పోయాడు. ఉద్యోగాల్లో, ఇళ్లల్లో గొంతు తగ్గించుకుని బతికేవాళ్లకి బీచ్ ఉన్న ఊరు పెద్ద సౌకర్యం.

తర్వాత లెక్కపెట్టే వంతు. బేసిక్స్ చేసేటప్పుడు ఒక్కొక్కరు వంతులవారీగా పదిదాకా జపనీస్‌లో లెక్క చెప్పాలి: ఇచి, ని, సాన్, షి, గో, రోకు, షిచి, హచి, కు, జు. చెప్పేవాళ్ల అంకెకే క్లాసు మొత్తం పంచ్ వేస్తుంది. నా వంతు వచ్చిన మొదటిసారి వెనక వరసకి వినపడక సగంమంది కదల్లేదు, సగంమంది కదిలారు, గందరగోళం. "వినపడట్లేదు ఆంటీ" అని వెనక నుంచి ఎవడో. అక్కడే తెలిసింది, నా గొంతు చిన్నగా ఉంటే అది నా ఒక్కదాని విషయం కాదు, ఇంకొకళ్ల పని ఆగిపోతుంది. మొహమాటం ఇక్కడ మర్యాద కింద చెల్లదు.

వానలు, కటా

కటా అంటే వరసగా అల్లిన కదలికలు, ఎదురుగా మనిషి లేకుండా చేసేది. నేను చేస్తున్నది హెయాన్ షోదాన్, 21 కదలికలు, రెండు చోట్ల కియాయ్, తొమ్మిదో దగ్గర, పదిహేడో దగ్గర. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే గురువు బడిపిల్లల కోసం కూర్చిన ఐదింటిలో ఇది ఒకటి. వాటి పాత పేరు తీసేసి హెయాన్ అని మార్చింది ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్. ఈయన బడిపంతులు, 1868లో పుట్టాడు, 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయి నేర్పడం మొదలుపెట్టాడు. యాభై దాటాక కొత్త ఊళ్లో కొత్త బతుకు. నాకు ఇది పతకాల కంటే నచ్చిన విషయం. పతకాల సంగతి అడిగితే, టోక్యో ఒలింపిక్స్‌లో కటా బంగారు పతకం గెలిచిన స్పెయిన్ ఆవిడ సాంద్రా సాంచెజ్‌కి అప్పుడు 39 ఏళ్లు. అదేమంత ఊరట కాదులెండి, ఆవిడ చిన్నప్పటి నుంచీ చేస్తోంది.

నాకు కటా ఒక పట్టాన గుర్తుండేది కాదు. నాకు పనికొచ్చింది ఇది: డాబా మీద ముగ్గుపిండితో నిలబడే చోట ఒక గుర్తు పెట్టుకోవడం. కటా దారి ఇంగ్లిష్ పెద్ద అక్షరం ఐ ఆకారంలో పోతుంది, తిరిగి తిరిగి మొదలైన చోటికే రావాలి. నేను ఎప్పుడూ గుర్తుకి రెండడుగులు ముందే తేలేదాన్ని, అంటే వెనక్కొచ్చే అడుగులు చిన్నవి పడుతున్నాయన్నమాట. అద్దం, వీడియో చెప్పనిది ముగ్గుపిండి చెప్పింది. వీడియో కూడా తీసుకోండి, నీళ్ల ట్యాంకుకి ఫోన్ ఆనించి. మొదటి వీడియోలు చూడటం కష్టం, చూడండి.

గోహోన్ కుమితే

ఇద్దరు ఎదురెదురుగా. ఒకరు "జోదాన్" అని పైకి చెప్పి ముఖం వైపు ఐదడుగులు ఐదు పంచ్‌లు వేస్తూ వస్తారు, రెండోవాళ్లు వెనక్కి వెళ్తూ ఆపుతూ, చివర్లో ఎదురు పంచ్ వెయ్యాలి. ఏం వస్తుందో ముందే తెలుసు, అయినా పిడికిలి ముఖం మీదికి వస్తుంటే కళ్లు మూసుకుపోతాయి. నాకు జోడీ ఓ ఇంజనీరింగ్ కుర్రాడు. వాడు అడుగడుక్కీ "సారీ ఆంటీ" అంటూ, పంచ్ జానెడు దూరంలో ఆపేస్తున్నాడు. మాస్టర్ వచ్చి వాడితో, "నువ్వలా వేస్తే ఆవిడకి ఆపడం ఎప్పుడొస్తుంది, చెయ్యి అడ్డం పెట్టకపోతే తగిలేలా వెయ్యి" అన్నారు. ఆ తర్వాత ముంజేతులు నల్లగా కమిలిపోయేవి. ఆఫీసులో ఒకావిడ నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లిగా, "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడిగింది. కరాటే అని చెప్తే నమ్మలేదు, వీడియో చూపించాల్సి వచ్చింది. అయినా అడిగినందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. ఐస్ పెట్టండి, కొన్నాళ్లకి పోతుంది. కళ్ల సంగతి అంటారా, ఎదుటివాళ్ల పిడికిలి మానేసి భుజం చూడటం మొదలుపెట్టాక మూసుకోవడం తగ్గింది.

టెస్టు

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కుర్చీలో కూర్చుంటారు, పేరు పిలుస్తారు, ముందుకెళ్లి వంగి నమస్కారం పెట్టి కటా పేరు గట్టిగా ప్రకటించాలి, అప్పుడే మొదలు. గోడ వెంబడి తల్లిదండ్రులంతా. చేతులు చల్లబడ్డాయి, అది ఏ ప్రాక్టీసుకీ పోలేదు. పేరు మాత్రం బయటికి వచ్చింది, వెనక గోడకి తగిలి తిరిగొచ్చేలా. మిగతాది మామూలుగానే చేశాను, షుతో ఉకే, అంటే కత్తిలా చాచిన చేత్తో ఆపే చోట, వెనక కాలి మీద బరువు చాలదని రాశారు, నిజమే.

మరి ధైర్యం? నలుగురు రౌడీలొస్తే కొట్టగలనా అని అడక్కండి, కొట్టలేను. నాలుగు వారాల్లో ఆత్మరక్షణ అని బోర్డులు పెట్టేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. మా మాస్టరే ముందు కేక వెయ్యి, తర్వాత పరిగెత్తు, రెండూ కుదరకపోతేనే చెయ్యి ఎత్తు అంటారు. బయట నాకు కనిపించిన తేడాలు చిన్నవి. ఫోన్లో "ఏంటీ, వినపడట్లేదు" అనేవాళ్లు తగ్గారు, మా అక్కయ్య అయితే "ఎందుకే అరుస్తావు" అంటోంది. ఆఫీసు రివ్యూలో గుండె ఇంకా కొట్టుకుంటుంది, కాకపోతే బొడ్డు కింద ఊపిరి బిగించి వదిలాక మాట మొదలుపెడతాను కాబట్టి మొదటి వాక్యం వణకదు, మొదటిది దాటితే మిగతావి వచ్చేస్తాయి. ఎవరైనా తప్పు చూపిస్తే రెండు రోజులు కుమిలిపోవడం కూడా తగ్గింది. వారానికి మూడు సాయంత్రాలు తొమ్మిదో తరగతి పిల్ల చూపిస్తూనే ఉంది కదా.

ముందున్నది హెయాన్ నిదాన్, 26 కదలికలు. అందులో పక్కకి వేసే కిక్ ఉంది, నా తుంటి దానికి ఇంకా ఒప్పుకోవట్లేదు, రోజూ గోడ పట్టుకుని మోకాలు పక్కకి ఎత్తడం ఒక్కటే చేస్తున్నాను. ఇంకో డ్రెస్ కూడా కొనాలి, ఈ ముసురులో ఒకటి ఆరేలోపు రెండో క్లాసు వచ్చేస్తోంది.