గంగజాతరకు చీర అద్దెకు తీసుకోకండి

నిన్ననే తిరుపతి నుంచి చిత్తూరొచ్చాం. మెడకు పట్టిన పసుపు వదల్లేదు, కోపం అసలే వదల్లేదు. అందుకే వేడిమీదే రాసేస్తున్నా.

మా వాడికి పోయినేడు జ్వరం ఎంతకూ తగ్గకపోతే మా అత్తగారు తిరుపతిలోని తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకున్నారు. మొక్కింది ఆవిడ, ఆడవేషం కట్టాల్సింది మాత్రం నేనూ నా కొడుకూ! నన్ను ఒక్క మాట అడిగుంటే పొంగలితో సరిపెట్టించేవాణ్ణి.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఏటా మే నెలలో ఒక మంగళవారం రాత్రి జాతర చాటింపు వేస్తారు. బుధవారం నుంచి రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. ఆడపిల్లలను చెరపట్టే పాలెగాడు భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతకడానికి గంగమ్మ వేసిన మారువేషాలే దొర దాకా ఉన్నవి. దొరవేషం చూసి వాడు బయటికొచ్చాడు, అమ్మవారి చేతిలో చచ్చాడు. తర్వాతి మంగళవారం అసలు జాతర. ఆ రోజు ఆఫీసరు, కాలేజీ కుర్రాడు, మీసం తీయని తాత, ఎవరిని చూసినా చీరలోనే.

బస్సులో సీట్లు దొరికాయి, గొడవేం లేదు. అత్తగారి చీర కట్టుకుని పోదామంటే మా బావమరిది అడ్డం పడ్డాడు. "అక్కడ సూపర్‌గా రెడీ చేస్తారు బావా" అంటూ గుడి దారిలో ఒక షామియానాకు తీసుకెళ్ళాడు. చీర, జాకెట్టు, సవరం, గిల్టు నగలు, మేకప్పు కలిపి ఎనిమిది వందలు. ఇంకో ఐదు వందలు డిపాజిట్. సినిమాలో హీరో ఈ జాతర వేషంలో కనిపించాక రేట్లు ఇలా పెరిగాయని షామియానా మనిషే గొప్పగా చెప్పాడు. మొక్కు లేదు, భక్తి లేదు, ముందు రీల్సు. మా పక్కన కూర్చున్న ముగ్గురు కుర్రాళ్ళు గుడి ఎటువైపో నన్నే అడిగారు!

మా వాడికి పట్టులంగా, జడ, పూలు చకచకా అయిపోయాయి. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. నాకొచ్చిన జాకెట్టు మాత్రం ఒక చేతికే సరిపోయింది. రెండో చెయ్యి బలవంతంగా దూర్చి, వీపు తెరిచే వదిలేసి, అటూ ఇటూ పిన్నీసులు గుచ్చి తాడు కట్టాడు. "కొంగు కప్పేస్తే తెలీదు సార్" అన్నాడు. అప్పటికే చంక దగ్గర కుట్టు వదిలిపోయి ఉంది. నేను చూపించాను కూడా. "ఏం కాదు సార్, నాది గ్యారంటీ" అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఎండ మాడ్చేస్తోంది. వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించిన సప్పరం నెత్తిన పెట్టారు. బావమరిది సగం దారిలోనే దించేశాడు, నేను గుడిదాకా మోశాను. ఇది మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. దారిలో మజ్జిగ, అంబలి పోసినవాళ్ళ కడుపు చల్లగుండాలి. దర్శనం బాగా అయింది.

తిరిగొచ్చి సామాను అప్పజెప్తుంటే షామియానా మనిషి జాకెట్టు చంక చూసి, "చింపేశారు, డిపాజిట్ రాదు" అన్నాడు. ముందే చూపించాను కదయ్యా అంటే ఎవరన్నారు అంటాడు. నేను గొంతు పెంచాను. జాకెట్టు వాడి చేతిలో ఉంది, నా ఒంటి మీద చీర ఒక్కటే. పిన్నీసులు లేక కొంగు జారుతోంది, సవరం ఒక చెవి మీదికి వేలాడుతోంది. చుట్టూ జనం, ఫోన్లు పైకి లేచాయి. "ఏమైందక్కా?" అని ఒకడు, "అక్కకు కోపమొచ్చిందిరోయ్" అని ఇంకొకడు. ఒళ్ళు మండి నాకొచ్చిన బూతులన్నీ తిట్టాను. వాళ్ళు సిగ్గుపడతారనుకుంటే చప్పట్లు కొట్టారు! ఒక పెద్దాయన దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా, "బూతులు బండవేషం రోజున సామీ, గురువారం రావాల్సింది" అన్నాడు.

అంతలో ఒకావిడ చంటిబిడ్డను తెచ్చి నా కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది. వేషంలో ఉన్నవాళ్ళను అమ్మవారిగానే చూస్తారు మరి. తిట్టే నోటితోనే చల్లగా ఉండమని దీవించి, నా చెంప మీది పసుపు తీసి బిడ్డ నుదుటికి రాశాను. షామియానా మనిషి కూడా చెప్పులు విడిచి నాకు దండం పెట్టాడు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. మా ఆవిడ నా పక్షాన మాట్లాడుతుందేమోనని చూస్తే, స్తంభం వెనక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

తెల్లవారుజామున విశ్వరూపం చూడటానికి బావమరిది ఒక్కడే వెళ్ళాడు. గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి పెద్ద రూపం చెంప నరకగానే జనం ఆ మట్టి కోసం ఎగబడతారు. చంటిపిల్లలతో అటు పోకండి. పిడికెడు మట్టి తెచ్చిచ్చాడు కాబట్టి వాడితో మాట్లాడుతున్నాను.

మీరు వెళ్తే చీర ఇంటిదే కట్టుకోండి. అద్దెకు తప్పదంటే జాకెట్టును అన్ని వైపులా వీడియో తీసుకుని, అప్పుడు డబ్బు ఇవ్వండి. మా అత్తగారు మూడేళ్ళు వరసగా అని మొక్కుకున్నారట, బస్సెక్కేటప్పుడు చెప్పారు. వచ్చే ఏటికి తన పాత పట్టుచీర ఇస్తానంది మా ఆవిడ. జాకెట్టు మాత్రం నా కొలతకు కుట్టించుకోవాలట. టైలరుకు ఏమని చెప్పాలో ఇంకా తేలలేదు.