ఇచ్ఛాపురం దాటాక

పదిహేడేళ్ల వయసులో నాకు క్షయ వచ్చింది. పూర్తిగా నయమై కూడా చాలాకాలమైంది. అయినా ఆ దగ్గు గుర్తొస్తే ఇప్పటికీ చేయి దానంతటదే ఛాతీ మీదికి పోతుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసేది. రెండు నెలలు దాచాను. కఫంలో ఎర్రటి చార కనిపించిన రోజు ఇక దాచలేకపోయాను. అప్పటికి నా బరువు 44 కిలోలు.

మాది చెన్నైలో పెరంబూరు. నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. కాలేజీ ఎగ్గొట్టి, రైలెక్కి గుమ్మిడిపూండి దాకా పోయి, ఊరికే తిరిగొచ్చేవాణ్ని. ఎందుకని అడిగితే జవాబుండేది కాదు. అందుకే డాక్టరును నేను మొదట అడిగింది, "నన్ను తాంబరం శానటోరియంలో, ఆ క్షయ ఆసుపత్రిలో పెడతారా?" అని.

"ఆ రోజులు పోయాయి బాబూ. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని తేల్చింది మన మద్రాసులోనే. 1956లో మొదలుపెట్టి చూశారు. ఎక్కడైనా ఉండు, మాత్ర మాత్రం ఆరు నెలలు ఒక్కరోజు కూడా మానకు" అన్నారాయన.

రోజూ పరగడుపున మూడు మాత్రలు. కడుపులో తిప్పేది, మూత్రం నారింజ రంగులో వచ్చేది. మూడు వారాలకు జ్వరం పోయింది, అన్నం రుచి తెలిసింది. తప్పు చేసింది అక్కడే. బాగయ్యాను కదా అని రెండు రోజుల మాత్రలు తులసి కోట మట్టిలో గుచ్చాను. నీళ్లు పోస్తుంటే అమ్మకు కనబడ్డాయి. ఒక్క మాటా అనలేదు. తన తమ్ముడికి ఫోను చేసింది.

మామయ్య మాధవరం నుంచి కోల్‌కతాకు లారీ నడుపుతాడు. 1,600 కిలోమీటర్లకు పైనే. రెండు నెలలు నిండాక కఫంలో క్రిములు లేవని తేలింది, డాక్టరు సరేనన్నారు. బయలుదేరిన రోజే రెండో విడత మందులు మొదలయ్యాయి, 112 రోజులకు.

"పొద్దున్నే నా ముందు మింగాలి. అదొక్కటే షరతు" అన్నాడు మామయ్య.

అంతటితో ఆగలేదు. నెల్లూరు దాటాక ఒక ధాబా వెనక పొదల్లోకి వెళితే, నా వెనకే వచ్చి నేలమీద తడి రంగు చూశాడు. సిగ్గుతో, కోపంతో ఒంగోలు దాకా మాట్లాడలేదు. కానీ లారీ పని నాకు నచ్చింది. ఆగిన ప్రతిచోటా ఇనుప రాడ్డుతో టైర్లు కొట్టి చప్పుడును బట్టి గాలి ఎంతుందో కనిపెట్టడం, టార్పాలిన్ తాళ్లు బిగించడం. రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంటే, ఎంతోసేపటి నుంచి నేను దేనికోసమూ తొందరపడటం లేదని తెలిసింది.

ఇచ్ఛాపురం దాటాక తెలుగు బోర్డులు ఆగిపోయాయి. ఆ రాత్రి చిలికా సరస్సు పక్కన లారీ ఆపి, మామయ్య చెప్పాడు: ఇరవై ఏళ్లప్పుడు తనకూ ఇదే జబ్బు. మూడు నెలలకే మాత్రలు మానేశాడు. తిరగబెట్టింది. మళ్లీ ఎనిమిది నెలలు, అందులో రెండు నెలలు సూదులు. "ఆ సూదులకే చెవులు మందగించాయిరా."

నేను మాట్లాడినప్పుడల్లా ఆయన తల నావైపు వంచడం ఇంజను హోరు వల్ల అనుకునేవాణ్ని. ఆ రాత్రి ఇంజను ఆగి ఉంది. అయినా తల వంచే విన్నాడు.

తెల్లవారుజామున ఆయన ఇంకా నిద్రలో ఉన్నాడు. సీసాలో నీళ్లు అడుగంటాయి. మూడు మాత్రలూ ఒక్కొక్కటే ఆ కొద్ది నీళ్లతోనే మింగాను. ఆయన లేచి, మాత్రల అట్టలో ఖాళీ అయిన గళ్లు చూసి, ఏమీ అడగకుండా లారీ తీశాడు.

అయిదో రోజు పొద్దున కోల్‌కతాలో సరుకు దించుతుంటే అమ్మ ఫోను చేసింది. "మాత్రలు వేసుకుంటున్నాడా?"

"వాణ్నే అడుగక్కా" అని మామయ్య ఫోను నా చేతికిచ్చాడు.

"వేసుకున్నానమ్మా. ఇంకా 107 రోజులు" అన్నాను.