పిన్ని వరసయ్యే ఆరేళ్ల పాప

అనిమే, అంటే జపాన్ యానిమేషన్ చూడ్డానికి ఇంట్లో నాకున్న తోడు మా అక్క కూతురు ఒక్కతే. డిగ్రీ చదువుతోంది. 'ఉసాగి డ్రాప్' మొదటి ఎపిసోడ్ సగంలో ఆపేసి, "పిన్నీ, ఈ పాప అతనికి ఏమవుతుంది?" అని అడిగింది.

వరస కలిపి చూశాం. హీరో దైకిచికి 30 ఏళ్లు, పెళ్లి కాలేదు. తాతగారు పోయారని వెళ్తే, ఆయనకి రిన్ అనే ఆరేళ్ల కూతురుందని అక్కడ బయటపడుతుంది. తాతంటే అమ్మకి నాన్న. కాబట్టి రిన్ దైకిచికి సాక్షాత్తూ పిన్ని. మా పిల్ల నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు లెండి. పాపని ఎవరు తీసుకెళ్లాలని చుట్టాలంతా ఒకరి మీదికి ఒకరు తోసుకుంటుంటే, రిన్ పెరట్లోకి వెళ్లి నీలం పూలు కోసుకొచ్చి శవపేటికలో పెడుతుంది. "నాతో వచ్చేస్తావా?" అంటాడు దైకిచి. 2011లో వచ్చిన 11 ఎపిసోడ్ల అనిమే ఇది. పక్క తడపడాలు, స్కూల్లో చేర్పించడాలు, పాప కోసం అతను ఓవర్‌టైమ్ లేని డిపార్ట్‌మెంట్‌కి మారిపోవడం... ఇంతే కథ. ఎంత బాగుంటుందో.

అయితే ఈ కథ పేరెత్తగానే తెలిసినవాళ్లు చెప్పే మొదటి మాట "మాంగా జోలికి పోకండి" అని. ఈ అనిమేకి మూలమైన మాంగా, అంటే జపాన్ కామిక్, సగంలో పదేళ్లు ముందుకి దూకుతుంది. రిన్ హైస్కూలుకొస్తుంది, దైకిచినే ఇష్టపడుతుంది. తాతకి తను సొంత కూతురు కాదని తెలుస్తుంది. రక్తసంబంధం లేదు కాబట్టి ఇద్దరూ ఒకటవుతారు. అనిమే ఇదంతా రాకముందే ఆగిపోయింది.

రక్తం సంగతి ముందు చూద్దాం. జపాన్ సివిల్ కోడ్ 734వ ఆర్టికల్ ప్రకారం తోబుట్టువులు, మేనమామ-మేనకోడలు, పిన్ని-కొడుకు వరసవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. కజిన్స్ చేసుకోవచ్చు, ఏ వైపు కజిన్స్ అయినా సరే. ఇక మా ఇంట్లో చూస్తే, మా అమ్మమ్మ సొంత మేనమామనే చేసుకుంది. జపాన్‌లో ఆ పెళ్లి చెల్లదు. ఇక్కడ ఆచారం ఉన్నవాళ్లకి 1955 హిందూ వివాహ చట్టమే మినహాయింపు ఇచ్చింది. అదే పిన్ని కొడుకుని చేసుకుంటానంటే మా ఇల్లు భగ్గుమంటుంది, జపాన్‌లో మాత్రం రిజిస్టర్ చేసి పంపిస్తారు. అందుకే ఏ అనిమేలోనైనా కజిన్ మీద మనసు పడిందనగానే కామెంట్లలో అమెరికన్లు ఛీ అంటే, నేను మాత్రం అతను అత్త కొడుకా, పెద్దమ్మ కొడుకా అని వెతుక్కుంటాను. చాలాసార్లు కథలో ఆ వివరమే ఉండదు. వాళ్లకి అక్కర్లేదు మరి.

ఈ విషయంలో నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వొచ్చేది 'సెయిలర్ మూన్'. హరుకా, మిచిరు ఇద్దరమ్మాయిలు, ప్రేమికులు. 90ల్లో జపాన్ టీవీలో పిల్లలందరూ చూశారు. 2000లో అమెరికాకి ఇంగ్లిష్ డబ్బింగ్‌లో వెళ్లేసరికి పిల్లలకి ఇది తగదని వాళ్లిద్దరినీ కజిన్స్ చేసేశారు. మాటలు మార్చారు కానీ ఆ చూపులు, చెయ్యి పట్టుకోవడాలు బొమ్మలో అలాగే ఉన్నాయి. ఒక తప్పు దాచబోయి, తమ లెక్కలోనే ఇంకో పెద్ద తప్పు కొని తెచ్చుకున్నారన్నమాట.

ఇక అనిమే రచయితలకి బాగా ఇష్టమైన కిటికీ ఒకటుంది. దత్తత వచ్చిన బిడ్డ, ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ పెళ్లి చేసుకోవచ్చని అదే 734వ ఆర్టికల్ చెబుతుంది. "నిజానికి మనం అన్నాచెల్లెళ్లం కాదు" అనే మలుపు అన్ని కథల్లో ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా. 'మార్మలేడ్ బాయ్'లో ఇద్దరి అమ్మానాన్నలూ జంటలు మార్చుకుని ఒకే ఇంట్లో కాపురం పెడతారు. ఆ పిల్లలిద్దరూ ప్రేమించుకుని, ఒకే తండ్రి బిడ్డలమేమోనని కుమిలిపోయి, చివరికి కాదని తేలాక ఊపిరి పీల్చుకుంటారు. ప్రేక్షకుడు కూడా పీల్చుకుంటాడు. నేనూ పీల్చుకున్నాను.

కానీ ఉసాగి డ్రాప్ దగ్గర నాకు ఆ ఊపిరి ఆడదు. అనిమేలో ఒక చిన్న సీనుంది. నిన్ను దత్తత తీసుకోనా, నీకు నాన్ననవ్వనా అని దైకిచి అడుగుతాడు. రిన్ వద్దంటుంది, తన ఇంటిపేరు తనకే ఉండాలంటుంది, దైకిచి దైకిచిలాగే ఉంటే చాలంటుంది. మొదటిసారి చూసినప్పుడు ముద్దొచ్చింది. జపాన్ చట్టంలో దత్తత తీసుకున్నవాళ్లు ఆ బిడ్డని ఎప్పటికీ పెళ్లి చేసుకోకూడదు, దత్తత రద్దయినా కూడా. అంటే ఆ రోజు రిన్ ఊఁ అని ఉంటే మాంగా ముగింపుకి దారే లేదు. రక్తం అడ్డు లేదు, దత్తత అడ్డు లేదు, చట్టం ఒప్పుకుంటుంది. అయినా అర్ధరాత్రి దుప్పటి మార్చినవాడు, స్కూలు బ్యాగు కొనిపెట్టినవాడు నాన్న కాకపోతే ఎవరు? పెంచిన చెయ్యి తాళి కట్టడం నాకు మింగుడుపడదు.

మా పిల్ల ఒప్పుకోలేదు. "ఇష్టపడింది రిన్ కదా పిన్నీ, అతను కాదుగా" అంది. నిజమే. ఆ అమ్మాయి ఇష్టపడేలా రాసిందెవరని నేనన్నాను. వాదన తెగలేదు.

"జపాన్ వాళ్లు అంతే" అనేస్తే సులువుగా తేలిపోతుంది గానీ, వాళ్ల మధ్య కూడా ఇది తెగిన విషయం కాదు. పెళ్లి నిషేధమైన దగ్గర బంధువుల శృంగారాన్ని గొప్పగా చూపించే మాంగా, అనిమేలను 18 ఏళ్లలోపు వాళ్లకి అమ్మకూడదని టోక్యో నగర ప్రభుత్వం 2010 డిసెంబరులో నిబంధన మార్చింది. పెద్ద ప్రచురణకర్తలు మండిపడి టోక్యో అనిమే ఫెయిర్‌ని బహిష్కరించారు. 'ఒరేఇమో' చివరి మూడు ఎపిసోడ్లు, అన్నాచెల్లెళ్లు ప్రేమికులయ్యేవి, 2013లో టీవీలో రానేలేదు, నెట్‌లో వదిలారు. అక్కడ ఇలాంటివి అర్ధరాత్రి దాటాక వేస్తారు. మనకి యాప్‌లో పగలూ రాత్రీ లేదు, పిల్లల బొమ్మల పక్కనే ఉంటాయి.

వయసు విషయంలో అయితే "వాళ్ల సంస్కృతి" అన్న మాట నా దగ్గర చెల్లదు. 'కార్డ్‌క్యాప్టర్ సకురా'లో హీరోయిన్ వాళ్లమ్మ 16 ఏళ్లకే తన టీచర్‌ని పెళ్లి చేసుకుంటుంది, అదొక తీపి జ్ఞాపకంలా చెబుతారు. అప్పటి చట్టంలో ఆడపిల్లకి 16 చాలు. 2022 ఏప్రిల్‌లో దాన్ని 18 చేశారు. లైంగిక సమ్మతి వయసు 13గా ఉన్నదాన్ని 2023లో 16కి పెంచారు. వాళ్లే మార్చుకున్నదాన్ని వాళ్ల తరఫున నేను వెనకేసుకు రావడమెందుకు?

మొన్న మా పిల్ల 'కోయ్ కజే' చూడొచ్చా అని అడిగింది. 2004 నాటిది, 13 ఎపిసోడ్లు. అతనికి 27, ఆ అమ్మాయికి 15, సొంత అన్నాచెల్లెళ్లు, చిన్నప్పుడే విడిపోయి విడివిడిగా పెరిగారు. పైగా అతను పెళ్లి సంబంధాలు చూసే కంపెనీలో ఉద్యోగి. ఇందులో రచయిత ఏ కిటికీ తెరవడు. దత్తత లేదు, పొరపాటు లేదు, ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలే. తోటి ఉద్యోగిని విషయం తెలిసి అతన్ని మొహం మీదే కడిగేస్తుంది, అతని దగ్గర జవాబుండదు. చూస్తుంటే నాకు కడుపులో తిప్పింది, తిప్పాలనే తీశారు. కిటికీ తెరిచే కథలకన్నా ఇది నిజాయితీగా ఉందని దానితో చెప్పాను. చూడమని చెప్పలేదు, వద్దనీ అనలేదు. చూస్తే మాత్రం ఇంట్లో టీవీలో పెట్టొద్దని, పక్క గదిలో మా అమ్మ ఉంటుందని గుర్తుచేశాను.