నూనె రంధ్రాలు, అరిగిన బెడ్డు, గీతలో రెండు శ్లోకాలు

పనే పూజ అనేవాళ్లకి బాగా తెలిసిన శ్లోకం గీత 18వ అధ్యాయంలో 46వది. "యతః ప్రవృత్తిర్భూతానాం యేన సర్వమిదం తతమ్, స్వకర్మణా తమభ్యర్చ్య సిద్ధిం విందతి మానవః." ఎవరి నుంచి ప్రాణులన్నీ వచ్చాయో, ఎవరు ఇదంతా నిండి ఉన్నారో, ఆయన్ని తన పనితోనే అర్చించి మనిషి సిద్ధి పొందుతాడు అని. సరే, బాగుంది. మరి అర్చించడం అంటే చేతులు ఏం చేయాలి? పాత లేత్ మెషీన్ (లోహపు ముక్కని తిప్పుతూ చెక్కేది) ముందు నిలబడి అడిగితే దీనికి సూటిగా జవాబు దొరుకుతుంది, కాకపోతే కొంచెం జిడ్డుగా ఉంటుంది.

పాత మెషీన్‌కి సేవ అనగానే చాలామందికి తోచేది రంగు వేయడం. తళతళలాడుతుంది, బొట్టు పెడితే ఇంకా కళ. కానీ ఆ రంగే నూనె రంధ్రాల్ని మూసేస్తుంది. హెడ్‌స్టాక్ (ముక్కని తిప్పే తలభాగం) మీదో, క్యారేజ్ (కోసే పనిముట్టుని మోస్తూ జరిగే భాగం) మీదో, ఆ క్యారేజ్‌ని నడిపే పొడవాటి లీడ్ స్క్రూని మోసే బ్రాకెట్ మీదో చిన్న స్ప్రింగ్ బాల్ ఉన్న ఆయిల్ కప్పులు ఉంటాయి, వాటి మీద రెండు మూడు పూతలు పడ్డాక అక్కడ రంధ్రం ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు. బయట అలంకారం పెరిగేకొద్దీ లోపల షాఫ్టు ఎండిపోతుంటుంది. కాబట్టి మెయిన్ స్విచ్ ఆపేసి, ముందు ఆ రంధ్రాలు వెతకాలి. రంగు గీకి, కిరోసిన్ చుక్కలు వేసి నాననిచ్చి, బాల్ నొక్కితే లోపలికి దిగుతోందా లేదా చూడాలి. రెండు చుక్కలు పోశాం కదా అని వదిలేయకుండా, అవతలి నుంచి నల్లగా వచ్చేది కాస్తా శుభ్రంగా వచ్చేదాకా పోయాలి. ఇలాంటి చోట్ల పోసిన నూనె మళ్లీ తిరిగిరాదు, మురికిని వెంటబెట్టుకుని కారిపోతుంది, ఆ ఏర్పాటే అంత. తిరిగి రాదని తెలిసీ రోజూ పోయడం, నా దృష్టిలో అర్చన అన్న మాటకి బాగా దగ్గరగా ఉంది.

ఎప్పుడు పోయాలి అన్నదీ ముఖ్యమే. సాదా బుష్ బేరింగ్‌లో (బాల్స్ లేని, గొట్టం లాంటి బేరింగ్) తిరిగే షాఫ్టు తన కిందికి నూనెని తానే లాక్కుని ఆ పలచటి పొర మీద తేలుతుంది, లోహం లోహాన్ని తాకదు. ఆగగానే మళ్లీ లోహం మీదే కూర్చుంటుంది. అందుకే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో అరుగుదల ఎక్కువ, నూనె పని మొదలయ్యే ముందే పడాలి. బెడ్ (క్యారేజ్ జారే పొడవాటి ఇనప పట్టాలు) మీదికి సాధారణంగా వీజీ 68 స్లైడ్‌వే ఆయిల్ వాడతారు (68 అంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనం). గ్రీజు మాత్రం బెడ్‌కి రాయొద్దు, ఇనప రజను అందులో ఇరుక్కుని సాన పట్టే ముద్దలా తయారవుతుంది. ఎయిర్ గన్‌తో ఊదడమూ వద్దు, రజను శాడిల్ (బెడ్ మీద కూర్చునే క్యారేజ్ అడుగుభాగం) కిందికే పోతుంది. బ్రష్ చాలు.

ఇక నాకు అసలు నచ్చే శ్లోకం దీనికి రెండు శ్లోకాల తర్వాత వస్తుంది. "సహజం కర్మ కౌంతేయ సదోషమపి న త్యజేత్, సర్వారంభా హి దోషేణ ధూమేనాగ్నిరివావృతాః." దోషం ఉన్నా సహజమైన పనిని వదలొద్దు, నిప్పుని పొగ కమ్మినట్టు అన్ని ప్రయత్నాల్నీ దోషం కమ్మే ఉంటుంది. ఈ శ్లోకం చుట్టూ వర్ణాల చర్చ చాలా ఉంది, అది వేరే సంగతి. వ్యాఖ్యాతలు చెప్పే అర్థం కాకుండా, మెషీన్ దగ్గర తోచే అర్థం నేను చెబుతున్నాను.

పాత లేత్ బెడ్డు ఎక్కువగా అరిగేది చక్ (ముక్కని బిగించి పట్టుకునేది) దగ్గరే, పని అంతా అక్కడే జరుగుతుంది కాబట్టి. అక్కడ వదులుగా ఉందని శాడిల్ గిబ్ (వదులు సరిచేసే పట్టీ) బిగించేస్తే, టెయిల్‌స్టాక్ (బెడ్డు అవతలి కొస) వైపు వెళ్లేసరికి పట్టేస్తుంది. కాబట్టి అరగని చోటికి సరిపడా బిగించి, అరిగిన చోట కొంత వదులు ఒప్పుకోవాల్సిందే. క్రాస్ స్లైడ్‌లో (పనిముట్టుని అడ్డంగా జరిపే భాగం) బ్యాక్‌లాష్, అంటే స్క్రూకీ నట్టుకీ మధ్య వదులు, ఉంటే, కొలత దాటి వెనక్కి తిప్పి మళ్లీ ఒకే వైపు నుంచి రావాలి. స్క్రూ ఉక్కుది, నట్టు కంచుది, స్క్రూ బతకాలనే నట్టుని మెత్తగా పెట్టారు, అరిగింది నట్టే అయితే మార్చేయొచ్చు.

స్క్రేపింగ్‌లో, అంటే బెడ్డుని చేత్తో గీకి సమం చేయడంలో, ఇంకో తమాషా ఉంది. ఎత్తులు చూపించే ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పూసి, ఎత్తుగా ఉన్న చుక్కల్ని గీకుతూ పోతే బెడ్డు సమం అవుతుంది, కానీ అద్దంలా నున్నగా చేయరు. చుక్కల మధ్య ఆ సన్నటి పల్లాల్లోనే నూనె నిలుస్తుంది. రెండు పలకలూ మరీ నున్నగా ఉంటే నూనెకి చోటుండదు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా.

"సర్వారంభాః" అన్నప్పుడు రిపేరు కూడా అందులో పడుతుంది మరి. బెడ్డు బాగా పాడైతే గ్రైండింగ్‌కి పంపుతాం, తిన్నగా వస్తుంది, కానీ అరగదీసిన మేరకి శాడిల్ కిందికి దిగి లీడ్ స్క్రూతో లైన్ తప్పుతుంది. అప్పుడు శాడిల్ అడుగున టర్‌సైట్ లాంటి జారుడు ప్లాస్టిక్ పట్టీ అతికించి, ఎత్తు సరిచేసి, దాన్ని మళ్లీ స్క్రేప్ చేసుకోవాలి. గ్రైండింగ్‌కి పంపేముందే ఈ పని కూడా లెక్కలో వేసుకోండి.