లేదని రాయమన్నది నేనే

డెన్వర్ దగ్గర ఒక కౌంటీ ఆఫీసులో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పక్కనే హెల్ప్‌డెస్క్‌లో ఒక బాబు పనిచేసేవాడు. అమ్మానాన్నలది జగిత్యాల వైపు, వాడు పుట్టింది మాత్రం అమెరికాలోనే. ఇరవై మూడేళ్లు. నన్ను ఆంటీ అంటాడు. సర్వపిండి తీసుకెళ్తే సగం డబ్బా వాడిదే. చిన్నప్పటి నుంచి వాడికి పోలీసు కావాలని ఆశ. ఇంట్లో ఎంత వద్దన్నా పోయినేడు దరఖాస్తు పెట్టాడు. నలభై పేజీల ఫారం, అందులో తెలిసినవాళ్ల పేర్ల దగ్గర నా పేరు రాశాడు.

సెప్టెంబరులో వాడి గురించి విచారించడానికి ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. రిటైరైన పోలీసు, అరవై దాటి ఉంటాయి. చిన్న మీటింగ్ రూంలో కూర్చోబెట్టి అరగంట అడిగింది. సమయానికి వస్తాడా, కోపం వస్తే ఎలా ఉంటాడు, అప్పులున్నాయా అని. అన్నిటికీ బాగానే చెప్పాను. చివరికి, "అతను గంజాయి గానీ ఇంకేదైనా మత్తు పదార్థం గానీ వాడినట్టు మీకు తెలుసా?" అంది.

"లేదండీ. మంచి కుటుంబం. అలాంటి అలవాట్లేమీ లేవు" అన్నాను. ఆలోచించి చెప్పిన మాట కాదు, నోటి చివర సిద్ధంగా ఉన్న మాట.

ఆవిడ పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టేసింది. గొంతు పెంచలేదు. "అతనే ఫారంలో రాశాడు. కాలేజీలో ఏడుసార్లు తాగాడట. మీకు కూడా చెప్పానని రాశాడు. అతన్ని మీరు కాపాడుతున్నారనుకుంటున్నారు. మీరిద్దరూ చెప్పింది కలవకపోతే నేను ఎవరిని నమ్మాలి?" అంది.

నిజమే, వాడు నాకు చెప్పాడు. ఒకరోజు లంచ్‌లో, ఫారం నింపుతూ టెన్షన్ పడుతూ చెప్పాడు. కొలరాడోలో గంజాయిని 2012లో ఓటు వేసి చట్టబద్ధం చేశారు, 2014 జనవరి 1 నుంచి దుకాణాలు తెరిచారు. కానీ ఇరవై ఒక్కేళ్లు నిండాలి. వాడు తాగినప్పుడు వాడికి ఇరవై. పైగా ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం అది ఇప్పటికీ నిషేధమే. ఇవన్నీ నాకే వివరంగా చెప్పినవాడు వాడు. అయినా ఆవిడ అడగ్గానే నాకు లేదు అనే వచ్చింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇప్పుడు సెలవు మీద హన్మకొండ వచ్చి, మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తుంటే కూడా వదల్లేదు. ఎందుకంటే ఆ "లేదు" నేను మొదటిసారి చెప్పింది డెన్వర్‌లో కాదు.

మా తమ్ముడు 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అయ్యాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయేవాడు. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. వీడు ఆరు నిమిషాల లోపే ముగించేవాడు. ఆ షూ అరిగిపోయి బొటనవేలు దగ్గర చిరిగింది. బాపు దానికి చెప్పుల కుట్టుతో రెండు కుట్లు వేయించి తెచ్చాడు. ఆ షూ ఇంకా మెట్ల కింద ఉంది, అమ్మ పారేయనివ్వదు.

పరీక్షలన్నీ గట్టెక్కాడు. 2023 అక్టోబరులో లిస్టులో పేరొచ్చింది. ఇంటిల్లిపాదీ భద్రకాళి గుడికి పోయివచ్చారు. తర్వాత వెరిఫికేషన్ ఫారం చేతికొచ్చింది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, శిక్ష పడిందా అని అందులో ఉంటుంది.

ఉంది. 2021లో హసన్‌పర్తి రోడ్డు మీద బండి ఆపి చెక్ చేస్తే, వెనక కూర్చున్న దోస్తు జేబులో గంజాయి చిన్న పొట్లం దొరికింది. ముగ్గురూ తాగే ఉన్నారు. మా తమ్ముడికి అదే మొదటిసారి, అదే చివరిసారి. వాడి మాట నేను నమ్ముతాను. 1985 నాటి మత్తుమందుల చట్టం ఎన్డీపీఎస్‌లో 27వ సెక్షన్ అని ఒకటుంది, కేవలం తాగినందుకు పెట్టేది. గంజాయికైతే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. "ఒప్పుకొని జరిమానా కట్టేయండి, ఒక్కరోజులో అయిపోతది" అన్నారు తెలిసినవాళ్లు. బాపు ఆర్టీసీలో కండక్టరు, కోర్టు గడప ఎన్నడూ తొక్కలేదు. కట్టేశాడు. అయిపోయిందనుకున్నాం. ఒప్పుకొని జరిమానా కట్టడమంటే నేరం రుజువైనట్టేనని, అది శిక్ష కిందికే వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు.

ఫారం వచ్చిన రోజు రాత్రి వాడు నాకు ఫోన్ చేశాడు. డెన్వర్‌లో అప్పుడు పొద్దున. "అక్కా, ఏం రాయాలె?" అన్నాడు. నేను కారు పార్క్ చేస్తూ, "ఎప్పుడో అయిపోయిందిరా. లేదు అని రాయి, ఏం కాదు" అన్నాను. అంతే, రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

స్పెషల్ బ్రాంచి వాళ్లు రికార్డులు చూస్తే కేసు బయటపడింది. సమాచారం దాచాడని సెలక్షన్ రద్దు చేశారు.

నిజం రాస్తే ఉద్యోగం వచ్చేదని నేను అనను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిలు దీని మీదే తీర్పిచ్చారు. చిన్నవయసులో చేసిన చిల్లర నేరం దాచినా, ఆ నేరం స్వభావం చూసి క్షమించే వీలు ఉద్యోగమిచ్చేవాళ్లకు ఉందన్నారు. అలాగని నిజం రాసినంత మాత్రాన తప్పనిసరిగా తీసుకోవాలని కూడా లేదన్నారు. గంజాయి కేసును, అదీ పోలీసు ఉద్యోగానికి, చిల్లరదిగా చూస్తారో లేదో. కానీ రాసి ఉంటే వాడి తరఫున వాదించడానికి ఒక కాగితం ముక్క ఉండేది. దాచాడు అన్న మాట పడ్డాక ఇక ఏమీ మిగల్లేదు.

రెండు దేశాల ఫారాలూ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నానో. మన ఫారం అడిగేది కేసు ఉందా అని. అక్కడి ఫారం అడిగేది చేశావా అని. ఎవరికీ పట్టుబడకపోయినా చెప్పాలి. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరిచ్చారు, డబ్బు ఎవరు పెట్టారు, అన్నీ. వేరేవాళ్లకు డాక్టరు రాసిన మాత్ర నువ్వు మింగావా అని కూడా ఆ ఫారంలో ఉందని బాబు చెబితే ఆశ్చర్యపోయాను. బాపు మోకాళ్ల నొప్పి మాత్ర అమ్మ నడుముకు వేసుకునే ఇల్లు మాది. పరకాల దగ్గర మా తాత రోజూ పొద్దున కల్లు కాంపౌండుకు పోయేవాడు. అందులో ఆల్ప్రాజోలం అనే నిద్రమందు కలుపుతారని ఊరంతటికీ తెలుసు. ఒక్కపూట దొరక్కపోతే ఆయన చేతులు వణికేవి, పిచ్చిచూపులు చూసేవాడు. దాన్ని మేం ఎన్నడూ మత్తుమందు అనలేదు. కల్లు దొరకలేదు పాపం అన్నాం.

ఫారం తర్వాత బాబును పాలీగ్రాఫ్‌కు, అదే అబద్ధాలు పట్టే పరీక్షకు కూర్చోబెట్టారు. ఛాతీకి గొట్టాలు, వేళ్లకు క్లిప్పులు, చేతికి బీపీ పట్టీ. అక్కడ 1988 నుంచి చాలామటుకు ప్రైవేటు కంపెనీలు ఉద్యోగులకు ఆ పరీక్ష పెట్టకూడదు. పోలీసు, ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం పెట్టొచ్చు. నాలుగు గంటలు కూర్చుని బయటికొచ్చి, "ఏడు అని రాశాను ఆంటీ, ఏడే అన్నాను" అన్నాడు నీరసంగా.

అక్కడ గంజాయి తాగితే ఏమీ కాదని కాదు. ఒక్కో డిపార్ట్‌మెంటుకు ఒక్కో లెక్క. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ లెక్క అందరికీ తెలిసిందే. దరఖాస్తుకు ముందు ఏడాదిలో గంజాయి వాడి ఉండకూడదు, మిగతా మత్తు పదార్థాలైతే పదేళ్లు. అంతకుముందు గంజాయికి మూడేళ్లుండేది, 2021లో ఏడాదికి తగ్గించారు. పద్దెనిమిదేళ్లు నిండకముందు తాగిన గంజాయిని లెక్కలోకి తీసుకోరు. అబద్ధం చెబితే మాత్రం ఏ గడువూ లేదు, బయటికే. తప్పుకు ఇంత కాలం అని ఒక గడువు పెట్టి, ఆ గడువు దాటితే రా అని పిలవడం నాకు చాలా నచ్చింది. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఇరవై మూడేళ్లకు మారతాడని ఆ లెక్కలో ఉంది.

అయితే ఆ దేశం అందరికీ ఒకేలా గడువు ఇవ్వదు, ఇదీ చెప్పాలి. బాబు అక్కడ పుట్టినవాడు. నాకు ఇంకా గ్రీన్ కార్డు రాలేదు. నాలాంటివాళ్లు దుకాణంలో బిల్లు కట్టి కొనుక్కుని తాగినా, తాగానని ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే, కేసు లేకపోయినా, దేశంలోకి రానివ్వకపోవచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా పౌరసత్వానికి అడ్డమేనని ఇమిగ్రేషన్ వాళ్లు 2019లో స్పష్టంగా చెప్పారు. పౌరసత్వం ఫారంలో పట్టుబడని నేరాల గురించి కూడా అడుగుతారు. మా తెలుగువాళ్లలో పెద్దవాళ్లు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట చెప్పేది ఆ దుకాణాల ఛాయలకు పోవద్దని, తర్వాత చెప్పేది ఎవరడిగినా లేదనమని. ఆవిడ ముందు నా నోట వచ్చింది ఆ మాటే. అబద్ధాలకోరుని కాదు నేను. నిజం చెప్పి బాగుపడినవాళ్లను ఇక్కడా చూడలేదు, అక్కడా చూడలేదు. మా తమ్ముడి వయసు పిల్లవాడు నమ్మకంగా ఏడు అంకె వేసి రాస్తాడని నేనెలా ఊహిస్తాను?

ఆ రోజు సాయంత్రం బాబు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఏడుపొచ్చింది. వాడు కోప్పడలేదు. "ఆవిడ కార్డు ఉందిగా ఆంటీ, ఫోన్ చేసి చెప్పేయండి" అన్నాడు. పార్కింగ్‌లో కారులో కూర్చుని చేశాను. తమ్ముడికి లేదు అని రాయమన్నది కూడా ఇలాగే కారులోంచే. నాకు ముందే తెలుసని, తప్పు చెప్పానని అన్నాను. వేలు విడిచిన బంధువు కూడా కాని మనిషి ముందు అంత సిగ్గుపడటం నాకు అదే మొదలు. ఆవిడ కాసేపు ఆగి, "ఫోన్ చేసినందుకు థాంక్స్. ఇది కూడా రాసుకుంటాను" అంది. ఇంకొక్క మాట గుచ్చలేదు.

నిన్న పొద్దున తమ్ముడు సెల్ షాపు తెరవడానికి పోతూ, వరండాలో చెప్పులేసుకుంటూ ఆగాడు. ఈ సంగతి మొన్న రాత్రి అమ్మకు చెబుతుంటే విన్నాడు కాబోలు.

"ఆ పిల్లగానికి జాబ్ వచ్చిందా అక్కా?"

"వచ్చిందిరా. జనవరిలో అకాడమీ."

"ఎన్నిసార్లన్నవ్ తాగింది?"

"ఏడు."

తల ఊపాడు. బండి స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, "ఆ రోజు నువ్వన్నవని రాయలే అక్కా. నేనే లేదని రాద్దామనుకున్న, నువ్వు గూడ అంటవేమోనని అడిగిన" అన్నాడు. నేను లేచి గేటు దాకా పోయేసరికి సందు మలుపు తిరిగాడు.